పలక నుంచి ట్యాబ్ దాకా: బడిలోకి వచ్చిన టెక్నాలజీ ఎందుకు నిలవదు? కోనసీమ తల్లిదండ్రులు ఏం అడగాలి?

జూన్ 12న వేసవి సెలవులు అయిపోయి బళ్లు తెరుస్తారు. మీరు అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో పిల్లలను దింపడానికి బడికి వెళ్లారనుకుందాం. తరగతి గోడకు టీవీ కంటే పెద్ద తెర ఒకటి కనిపిస్తుంది. వేలితో తాకితే బొమ్మలు కదులుతాయి. మన రోజుల్లో ఇవెక్కడివి అనుకుంటారు.

మీ రోజుల్లోనూ ఏదో ఒకటి వచ్చే ఉంటుంది. ఒకసారి గుర్తు చేసుకోండి. హెడ్మాస్టర్ గదిలో బీరువా మీద గుడ్డ కప్పి పెట్టిన టూ-ఇన్-వన్. తాళం వేసి ఉన్న కంప్యూటర్ గది. పంద్రాగస్టుకు మాత్రమే బయటకు తీసే టీవీ. అవి కొత్తగా వచ్చినప్పుడు కూడా అందరూ ఇలాగే సంబరపడ్డారు.

మరి అవన్నీ ఏమయ్యాయి? ఇప్పుడొచ్చిన తెరలకు, ట్యాబ్‌లకు కూడా అదే గతి పట్టకుండా ఉండాలంటే ఏం జరగాలి? తల్లిదండ్రులుగా మీ చేతిలో ఏముంది?

ముఖ్యాంశాలు

- బడిలోకి కొత్త పరికరం రావడం ఒక రోజు పని. అది నిలవాలంటే కరెంటు, రిపేరు, టీచర్, పాఠం ఏటా అందాలి.
- ఉపగ్రహ టీవీ నుంచి కంప్యూటర్ ల్యాబ్ దాకా చాలా పథకాలకు ముందే ఒక గడువు ఉంది. అది తీరాక బాధ్యత ఎవరిదో తేలకపోవడమే అసలు సమస్య.
- వరద, చెమ్మ, ఉప్పుగాలి ఉన్న కోనసీమలో ఈ లెక్క మరింత ముఖ్యం.
- మీ బడిలో ఏమున్నాయో, ఏవి పనిచేస్తున్నాయో తెలుసుకునే హక్కు మీకుంది. దాని దారి చివర్లో చూడండి.

మొదటి టెక్నాలజీ: ఇసుక, తాటాకు, పలక

రెండు వందల ఏళ్ల కిందట తెలుగునాట పిల్లలు ఓనమాలు దిద్దింది ఇసుకలో. తర్వాత తాటాకు, ఘంటం. బళ్లారి కలెక్టర్ ఎ.డి.క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపారు. అక్కడి బడుల్లో పిల్లలు ఇసుక మీద వేలితో అక్షరాలు రాయడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పడం అందులో వివరంగా ఉన్నాయి.

ఈ పద్ధతి అప్పటికే ఇంగ్లండ్‌కు వెళ్లింది. 1790ల్లో మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి వీధి బడిలో ఇసుక రాత చూసి తన బడిలో పెట్టారు. 1797లో దాని గురించి లండన్‌లో పుస్తకం అచ్చువేశారు. పిల్లలే పిల్లలకు నేర్పే ఆ విధానానికి అక్కడ 'మద్రాసు పద్ధతి' అనే పేరు పడింది.

ఇసుక తర్వాత రాతిపలక వచ్చింది. మార్కాపురం పలకల గనులకు పేరుపొందింది. ఆ రాతిపలకలతో అక్షరాలు నేర్చినవాళ్లు మీ ఇంట్లోనే ఉంటారు, అడిగి చూడండి.

పలక, నల్లబల్ల ఇన్ని తరాలు ఎందుకు నిలిచాయి? వాటికి కరెంటు అక్కర్లేదు. పలక పగిలితే సంతలో ఇంకొకటి దొరుకుతుంది. బల్ల వెలిసిపోతే మళ్లీ రంగు వేస్తారు. వాడటం నేర్పడానికి ఎవరూ బయటి నుంచి రానక్కర్లేదు. అంటే వాటిని నిలబెట్టే ఖర్చు, నేర్పు రెండూ ఊళ్లోనే ఉన్నాయి. తర్వాత వచ్చిన ప్రతి పరికరాన్నీ ఈ కొలతతోనే చూద్దాం.

1975: ఆకాశం నుంచి పాఠం

విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. బడి పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమాలు ఆకాశవాణిలో భాగం. రేడియో చవక, దూరాలకు చేరుతుంది. చిక్కల్లా ఒక్కటే. పాఠం వచ్చే సమయానికి తరగతిలో అదే పాఠం నడుస్తూ ఉండాలి. టైంటేబుల్ కలవకపోతే అది వినోదంగానే మిగిలిపోతుంది.

1975 ఆగస్టు 1న దేశం ఇంకో పెద్ద ప్రయత్నం చేసింది. దాని పేరు సైట్. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకుని ఇస్రో, ఆకాశవాణి కలిసి 6 రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఇక్కడ కర్నూలు, మెదక్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల ఊళ్లను ఎంచుకున్నారు. కోనసీమ అందులో లేదు. చాలా ఊళ్లలో మనుషులు టీవీ అనేదాన్ని చూడటం అదే మొదటిసారి.

1976 జులై 31న అది ఆగిపోయింది. విఫలమై కాదు. ఉపగ్రహం ఏడాదికే ఎరువు తెచ్చింది, గడువు తీరింది. ఆ అనుభవం నుంచే తర్వాత ఇన్‌శాట్ ఉపగ్రహాలు, విద్యా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. దేశానికి అది మేలే. కానీ ఆ ఏడాది మూడో తరగతి చదివిన పిల్లాడికి నాలుగో తరగతిలో పాఠం రాలేదు.

1987: నల్లబల్ల కోసం కూడా ఒక పథకం

ఉపగ్రహం నుంచి పాఠాలు వచ్చిన పుష్కరం తర్వాత కేంద్రం 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్' మొదలుపెట్టాల్సి వచ్చింది. 1986 జాతీయ విద్యా విధానం ప్రకారం 1987లో ఇది మొదలైంది. ప్రతి ప్రాథమిక బడికి ఏ కాలంలోనైనా పనికొచ్చే రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బల్ల, మ్యాపులు, చార్టులు, ఆట వస్తువులు ఇవ్వాలన్నది లక్ష్యం. అంటే అప్పటికి దేశంలో ఎన్నో బడుల్లో ఇవి కూడా లేవన్నమాట.

అదే సమయంలో మరో కేంద్ర పథకం కింద ప్రాథమిక బడులకు రేడియో-క్యాసెట్ ప్లేయర్లు, ప్రాథమికోన్నత బడులకు కలర్ టీవీలు వచ్చాయి. మనం టూ-ఇన్-వన్ అని పిలిచింది వీటినే. వర్షం పడితే కారే గది, ఒక్క టీచర్, ఐదు తరగతులు ఉన్నచోట క్యాసెట్ ఎవరు పెడతారు? పోతే హెచ్.ఎం. సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకే చాలాచోట్ల అవి భద్రంగా బీరువాలోకి చేరాయి.

కంప్యూటర్ గది కథ: ఐదేళ్ల ఒప్పందం

బడుల్లో కంప్యూటర్లు 1984లో 'క్లాస్' ప్రాజెక్టుతో మొదలయ్యాయి. బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్లను దేశంలో కొన్ని వందల ఎంపిక చేసిన బడులకు ఇచ్చారు. మామూలు జిల్లా పరిషత్ హైస్కూలు దాకా కంప్యూటర్ రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

2004 డిసెంబర్‌లో కేంద్రం 'ఐసీటీ ఎట్ స్కూల్స్' పథకం ప్రకటించింది. దాని కింద 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 5 వేల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబ్‌లు పెట్టారు. ఇక్కడ అనుసరించిన పద్ధతి 'బూట్'. ప్రైవేటు ఏజెన్సీయే కంప్యూటర్లు కొని, గది సిద్ధం చేసి, ఇన్‌స్ట్రక్టర్లను పెట్టి ఐదేళ్లు నడుపుతుంది. ప్రభుత్వం వాయిదాల్లో చెల్లిస్తుంది. గడువు తీరాక సామాను బడికి అప్పగిస్తుంది.

కాగితం మీద ఇది మంచి ఏర్పాటే. ఐదేళ్ల పాటు రిపేరు ఎవరిదో స్పష్టంగా ఉంది. 2013లో గడువు తీరింది. ఆ రోజున బడికి దక్కింది ఐదేళ్లు వాడిన కంప్యూటర్లు. వాటిని నడిపిన ఇన్‌స్ట్రక్టర్ల ఉద్యోగాలు ఒప్పందంతోపాటే పోయాయి. 2013 తర్వాత చదివినవాళ్లలో చాలామందికి గుర్తుండే తాళం వేసిన గది వెనక కథ ఇదే. అందులో టీచర్ల తప్పేమీ లేదు. ఆరో ఏడాదికి ఎవరూ లెక్క వేయలేదు.

సీడీలతో పాఠాలు చెప్పే ప్రయత్నం కూడా ఆ కాలంలోనే జరిగింది. 2000ల మొదట్లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ తెలుగు సహా పలు భాషల్లో పాఠాల సీడీలు తయారుచేసి ప్రభుత్వ బడులకు ఇచ్చింది. కొన్నేళ్ల అనుభవం తర్వాత కంప్యూటర్ మహా అయితే టీచర్‌కు సాయం చేస్తుందే తప్ప బడిని మార్చలేదని ఆ సంస్థవాళ్లే బహిరంగంగా చెప్పి, టీచర్ల శిక్షణ వైపు మళ్లారు.

2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఎగిరింది. పూర్తిగా చదువు కోసమే మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం ఇది. ఎరువు తెచ్చింది కాదు, సొంతం. మన రాష్ట్రంలో 'మన టీవీ' పాఠాలు కూడా ఉపగ్రహం ద్వారానే బడులకు, కాలేజీలకు చేరాయి. ఇక్కడ కూడా చివరి గజం దగ్గరే సమస్య. మేడ మీద గొడుగు తిరిగిపోతే సరిచేసేవాళ్లు ఎవరు?

మోరి: కోనసీమలోనే మొదలైన ఫైబర్

ఇక మన ఊళ్ల సంగతి. రాజోలు దగ్గర సఖినేటిపల్లి మండలంలో మోరి అనే ఊరుంది. 2016 డిసెంబర్ చివర్లో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అక్కడికి వచ్చి దాన్ని డిజిటల్ స్మార్ట్ విలేజ్‌గా ప్రకటించారు. రాష్ట్ర ఫైబర్ గ్రిడ్‌ను ఊరంతా ఇంటింటికీ ఇచ్చి చూసిన తొలి గ్రామాల్లో ఇదొకటి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ కూడా ఆ ప్రయోగంలో పాలుపంచుకుంది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అన్నది అప్పటి మొదటి ప్యాకేజీ.

కేబుల్ ఊరికి చేరడం పెద్ద అడుగే. అయితే బడికి నెట్ ఉండటం అంటే కేబుల్ గేటు దాకా రావడం ఒక్కటే కాదు. నెలనెలా బిల్లు కట్టాలి, రూటర్ పనిచేయాలి, కరెంటు ఉండాలి. గాలివానకు కొబ్బరి మట్ట పడి తీగ తెగితే అతికించే మనిషి రావాలి. కోనసీమలో ఇది ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు.

2020: ఫోన్ ఉంది, పాఠం ఏది?

2020 మార్చిలో కరోనాతో బళ్లు మూతపడ్డాయి. అప్పుడు పాత రేడియో, టీవీ మళ్లీ పనికొచ్చాయి. దూరదర్శన్ సప్తగిరి, ఆకాశవాణి పాఠాలు ప్రసారం చేశాయి. 2017 సెప్టెంబర్ 5న మొదలైన దీక్ష యాప్ అప్పటికే సిద్ధంగా ఉంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియో వస్తుంది. ఆంధ్రప్రదేశ్ దాన్ని ముందుగా వాడిన రాష్ట్రాల్లో ఒకటి.

ఆ ఏడాది గ్రామీణ భారతంలో చేసిన అసర్ సర్వేలో ఒక తేడా బయటపడింది. బడిలో చేరిన పిల్లల్లో 61.8 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. రెండేళ్ల ముందు అది 36.5 శాతమే. కానీ సర్వేకు ముందు వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠ్య సామగ్రి అందినవాళ్లు 35.6 శాతం మాత్రమే. ఫోన్లు పెరిగినంత వేగంగా పాఠం చేరలేదు.

తెరలు, ట్యాబ్‌లు: ఇప్పుడున్నవి ఎలా వచ్చాయి?

2019 నవంబర్ 14న ప్రకటించిన 'మన బడి నాడు-నేడు' తొలి దశలో 15,715 బడులకు మరమ్మతులు చేశారు. మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, రంగులు అందులో ముఖ్యం. 2021 ఆగస్టు 16న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి రెండో దశను మొదలుపెట్టింది కోనసీమలోనే, పి.గన్నవరంలో.

2022 జూన్ 16న రాష్ట్ర ప్రభుత్వం బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5,18,740 ట్యాబ్‌లు ఇస్తున్నామని, వాటి విలువ 686 కోట్ల రూపాయలని అప్పట్లో ప్రకటించారు. ఏడాది తర్వాత చింతపల్లిలో మరో విడత ఇచ్చారు. పాఠాలను ట్యాబ్‌లో ముందే నింపి ఇచ్చారు కాబట్టి నెట్ లేకపోయినా చూడొచ్చు. 2023లో హైస్కూళ్లకు పెద్ద తెరలు, ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు రావడం మొదలైంది.

ఆ తర్వాత 2024 జులై 16న బైజూస్ మాతృసంస్థ మీద బెంగళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. ముందే నింపిన పాఠం ఒక్కరోజులో మాయం కాదు. కానీ సిలబస్ మారినా, అందులో తప్పు దొరికినా సరిచేయడానికి వెనక ఒక సంస్థ నిలబడి ఉండాలి. 2013లో బడి చేతికి పాత కంప్యూటర్ మిగిలినట్టే, ఇక్కడ పాత పాఠం మిగిలే ప్రమాదం ఉంది. యునెస్కో 2023 ప్రపంచ విద్యా నివేదిక ప్రకారం విద్యా టెక్నాలజీ ఉత్పత్తులు సగటున 36 నెలలకోసారి మారిపోతున్నాయి. ఎనిమిదో తరగతిలో ఇచ్చిన పరికరం పిల్లాడు పది దాటేసరికే పాతబడుతుందన్నమాట.

కోనసీమకు ప్రత్యేకంగా ఏం సమస్యలు?

మొదటిది వరద. పి.గన్నవరం మండలంలోనే ఊడిమూడిలంక, బూరుగులంక వంటి లంక గ్రామాలున్నాయి. వరదొస్తే రాకపోకలకు పడవే దిక్కు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వరదొచ్చినా తుపానొచ్చినా జనానికి తలదాచుకునే చోటు చాలాసార్లు బడే. గోడకు బిగించిన తెర, కింద పెట్టిన యూపీఎస్ బ్యాటరీ అప్పుడు ఏమవుతాయో ముందే ఆలోచించాలి.

రెండోది చెమ్మ, ఉప్పుగాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇనుప కిటికీ ఊచలే తుప్పు పడతాయి. నెలల తరబడి స్విచ్ వేయని ఎలక్ట్రానిక్ పరికరం ఇక్కడ త్వరగా పాడవుతుంది. రోజూ వాడితేనే దానికి మంచిది. పాడవుతుందేమోనని బీరువాలో దాచడం ఇక్కడ అన్నిటికంటే పెద్ద పొరపాటు.

మూడోది నెట్. 2022 మే 24న జిల్లా పేరు వివాదంలో అమలాపురంలో హింస జరిగాక, కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ సుమారు రెండు వారాలు ఆగిపోయింది. ఇళ్ల నుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ కోసం పక్క ప్రాంతాలకు వెళ్లారు. అప్పుడు వేసవి సెలవులు కాబట్టి బడులకు తెలియలేదు. నెట్ ఉంటేనే నడిచే పాఠం ఎంత బలహీనమో చెప్పడానికి అది చాలు.

ఇంతకీ వీటితో చదువు వస్తుందా?

వస్తుంది, కొన్ని షరతులతో. పెరూ దేశం 'పిల్లాడికొక ల్యాప్‌టాప్' కార్యక్రమంలో లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. వాటిని ఎలా వాడాలో టీచర్లకు గట్టి శిక్షణ లేదు. తర్వాత చేసిన అధ్యయనంలో లెక్కల్లో, భాషలో పిల్లలకు చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు.

మరోవైపు ఢిల్లీలో బడి అయ్యాక నడిపిన కేంద్రాల్లో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ అనే ఆర్థికవేత్తలు ఒక సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. ఏడో తరగతి పిల్లాడికి మూడో తరగతి లెక్కలే వస్తే, అది మూడో తరగతి దగ్గర నుంచే మొదలుపెడుతుంది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ, హిందీలోనూ స్పష్టమైన మెరుగు కనిపించింది. వెనకబడిన పిల్లలకు కూడా. 2019లో అచ్చయిన ఆ అధ్యయనం చాలామందిని ఆలోచింపజేసింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని ప్రభుత్వ బడుల్లో ఇలా పిల్లల స్థాయిని బట్టి నేర్పే ల్యాబ్‌లు నడుస్తున్నాయి.

తేడా ఎక్కడుంది? రెండు చోట్లా తెర ఉంది. ఒకచోట పరికరం పంచి వదిలేశారు. ఇంకోచోట ఏ పిల్లాడికి ఏం రాదో చూసి, రోజూ నిర్ణీత సమయం కేటాయించి, పక్కన ఒక మనిషిని పెట్టారు.

డబ్బు ఎవరు ఇవ్వాలి?

ఇది తెలిస్తే మీ ప్రశ్నకు బలం వస్తుంది. కేంద్ర ప్రభుత్వ 'సమగ్ర శిక్ష' పథకంలో ఐసీటీ ల్యాబ్‌కు ఒక్కో బడికి ఒకసారి 6.40 లక్షల రూపాయలు, ఆ తర్వాత నిర్వహణకు ఏటా 2.40 లక్షల చొప్పున 5 ఏళ్లు ఇవ్వొచ్చని నిబంధన. ఇక్కడ కూడా అదే ఐదేళ్లు. ఆరో ఏట ఏం చేస్తారన్నది అడగాల్సిన ప్రశ్న.

చిన్నచిన్న రిపేర్లకు కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ ఉంటుంది. పిల్లల సంఖ్యను బట్టి ఏడాదికి 10 వేల నుంచి లక్ష రూపాయల వరకు. సుద్దముక్కల నుంచి పాడైన సామాను మార్చడం దాకా చాలా ఖర్చులు ఇందులోంచే పోవాలి. అదైనా ఏడాది మొదట్లో వస్తేనే ఉపయోగం.

మీరు ఏం చేయొచ్చు?

1. ముందు మీ బడి లెక్క చూడండి. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ బడులకు అది 28తో మొదలవుతుంది. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో 'నో యువర్ స్కూల్' పేజీలో ఆ బడికి కరెంటు, ఇంటర్నెట్, కంప్యూటర్లు, లైబ్రరీ ఉన్నాయో లేదో కనిపిస్తుంది. ప్రైవేటు బడుల వివరాలు కూడా ఉంటాయి. డిజిటల్ క్లాసుల పేరుతో అదనపు ఫీజు అడిగేచోట ఇది తప్పక చూడండి.

2. కాగితం మీద ఉన్నది, గదిలో ఉన్నది ఒకటేనా అని పోల్చండి. తేడా ఉంటే మర్యాదగా హెచ్.ఎం. గారి దృష్టికి తీసుకెళ్లండి. చాలాసార్లు వాళ్లూ రిపేరు కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. తల్లిదండ్రులు అడిగితే వాళ్లు పైకి రాసే లేఖకు బలం వస్తుంది.

3. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో మాట్లాడండి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం ప్రభుత్వ బడుల కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. గ్రాంట్ల వాడకాన్ని చూసే అధికారం ఈ కమిటీకి ఉంది. 2024 డిసెంబర్ 7 నుంచి మొదలైన మెగా పేరెంట్-టీచర్ సమావేశాలు కూడా మంచి అవకాశమే. ఫొటోతో సరిపెట్టుకోకుండా ఒక్క ప్రశ్నయినా అడగండి.

4. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మండలంలో ఎంఈఓ, జిల్లాకు అమలాపురంలోని డీఈఓ కార్యాలయం.

అడగాల్సిన ఐదు ప్రశ్నలు

- ఈ తెర లేదా ల్యాబ్ గత నెలలో ఎన్ని పీరియడ్లు వాడారు?
- పాడైతే ఎవరికి ఫోన్ చేస్తారు? వారంటీ ఎప్పటిదాకా?
- నెట్ లేనప్పుడు ఏ పాఠాలు నడుస్తాయి?
- టీచర్లకు శిక్షణ ఎప్పుడిచ్చారు? మళ్లీ ఎప్పుడు?
- వరద హెచ్చరిక వస్తే పరికరాలు ఎక్కడికి తరలిస్తారు? ఎవరి బాధ్యత?

తరచూ వచ్చే సందేహాలు

ఇంట్లో ఖర్చు లేకుండా వాడుకోగలిగేవి ఏమున్నాయి?
దీక్ష యాప్, పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు ఉచితం. 2020లో 12 ఛానళ్లతో మొదలైన పీఎం ఈ-విద్య టీవీ పాఠాలు తర్వాత 200 ఛానళ్లకు పెరిగాయి. డీడీ ఫ్రీడిష్ ఉంటే నెట్ లేకుండానే చూడొచ్చు. పదో తరగతి హాల్‌టికెట్లు, ఫలితాల వంటివి ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్ నంబరు 9552300009లో తీసుకోవచ్చు.

పిల్లాడికి ట్యాబ్ ఇస్తే ఆటలు ఆడుతున్నాడు. ఏం చేయాలి?
గదిలో ఒంటరిగా కాకుండా వసారాలో, పెద్దవాళ్ల ముందు, ఒక సమయం పెట్టి వాడనివ్వండి. చూసిన పాఠంలో ఒక లెక్క నోట్‌బుక్‌లో చేసి చూపమనండి. చేయగలిగితే పాఠం ఎక్కినట్టే.

తెర ఉన్న బడే మంచి బడా?
కాదు. ముందు టీచర్ల సంఖ్య చూడండి. తర్వాత పిల్లల నోట్‌బుక్‌లు తిప్పండి. టీచర్ దిద్దిన గుర్తులు ఉన్నాయా అన్నది తెర సైజు కంటే ఎక్కువ చెబుతుంది.

చివరిగా

గోదావరి కాలువలకు ఏటా వేసవిలో నీళ్లు కట్టేస్తారు. పూడిక తీసి, గట్లు పోసి, తలుపులు బాగుచేసి మళ్లీ వదులుతారు. కాటన్ కాలం నాటి కాలువలు ఇప్పటికీ పారుతున్నాయంటే ఈ ఏటేటా చేసే పని వల్లనే. దానికి శిలాఫలకాలు ఉండవు. పని సరిగ్గా జరగని ఏడు శివారు భూములకు నీరందదు, అంతే.

మీ బడిలోని తెర సంగతి కూడా ఇంతే. అది ఎవరు ఇచ్చారన్నది గోడ మీద రాసే ఉంటుంది. ఈ ఏడు దాన్ని ఎవరు బాగుచేస్తారో వచ్చే సమావేశంలో మీరు అడగండి.